చేపపై హక్కు, నీటిపై మాట: వరంగల్ చెరువుల సంఘాలు, కోస్తా కట్టుబాట్లు

వరంగల్‌కు సముద్రం లేదు. కానీ ఒకప్పుడు సముద్రతీరానికి కట్టుబాటు ఇక్కడి నుంచే వెళ్లింది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణయించిన సుంకమే తీసుకుంటాననీ అందులో చెప్పాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరి శాసనాన్ని చరిత్రకారులు కాకతీయుల తీరపాలనకు సాక్ష్యంగా చూపుతారు. అది నిజమే. అయితే అభయం పొందింది వర్తకులు. ఒడ్డున వలలు ఆరేసుకున్నవారికి ఏ హక్కు ఉండేదో ఆ రాతి మీద లేదు. రాజు ఇచ్చిన హామీని సమాజం చేసుకున్న పాలనగా చదవకూడదు.

ఇదే జాగ్రత్త చెరువుల విషయంలోనూ అవసరం. కాకతీయుల కాలంలో ప్రజలే చెరువులను పాలించుకున్నారన్న మాట వేదికల మీద తరచూ వినిపిస్తుంది. మనకు దొరికే ఆధారాలు అంత దూరం తీసుకుపోవు. చెరువు తవ్వించినవారికి, దాన్ని బాగుచేసేవారికి సాగు భూమిలో లేదా పంటలో పదో వంతు ఇచ్చే దశబంధం ఉండేదని శాసనాలు చెబుతాయి. పాకాల, రామప్ప వంటి జలాశయాలు రాజు, మంత్రి, సేనాని స్థాయి దాతల పేర్లతో నిలిచాయి. నిర్వహణకు స్థానికంగా ఒక ఏర్పాటు, దానికి కేటాయించిన ఆదాయం ఉన్నాయన్నంత వరకు గట్టిగా చెప్పొచ్చు. ఊరంతా కలిసి నిర్ణయించిందనీ, అందులో చేపలు పట్టేవారికి చోటు ఉందనీ చెప్పడానికి ఆధారం చాలదు.

ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న చిన్నది. ఓరుగల్లు ప్రాంతపు చెరువుల మీద ఆధారపడిన మత్స్య సహకార సంఘాలను సామాజిక పాలనకు నమూనాగా తీసుకోవచ్చా? తీరప్రాంత అనుభవంతో పోల్చితే వాటి బలం ఎక్కడుంది, లోటు ఎక్కడుంది?

ఒక చెరువు, నాలుగు కార్యాలయాలు

ఉమ్మడి వరంగల్ జిల్లా గొలుసుకట్టు చెరువుల సీమ. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. నీటితో పాటు చేప కూడా కిందికి పోతుంది. పాకాల, రామప్ప, లక్నవరం, గణపసముద్రం అందరికీ తెలిసిన పేర్లు. వాటి వెనక ఊరూరా ఉన్న కుంటలూ చెరువులూ వందల్లో ఉన్నాయి. 2016 అక్టోబరులో ఉమ్మడి జిల్లా ఐదు ముక్కలైంది. 2019లో ములుగు విడిగా జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మారాయి. దీన్ని పరిపాలనా వివరంగా దాటేయలేం. 2015 నాటి జిల్లా లెక్కను 2022 నాటి జిల్లా లెక్కతో పోల్చే ఏ పరిశోధకుడైనా ముందు హద్దులు సరిచూసుకోవాలి. రామప్ప, లక్నవరం ఇప్పుడు ములుగు ఖాతాలో ఉన్నాయి.

పాకాలను చూడండి. తూములూ కాలువలూ నీటిపారుదల శాఖవి. చుట్టూ అడవి 1952లో ప్రకటించిన అభయారణ్యం కాబట్టి అక్కడ అటవీ శాఖది ముఖ్యమైన మాట. చేపల లీజు మత్స్య శాఖ పరిధి. పడవలు, కాటేజీల కోసం పర్యాటక శాఖ వస్తుంది. లక్నవరంలో వేలాడే వంతెనల మీదికి ఏటా ఎంతమంది వస్తున్నారో చూస్తే ఈ నాలుగో శాఖ బరువు అర్థమవుతుంది. చిన్న చెరువుల్లో పంచాయతీ కూడా తోడవుతుంది. వీటన్నిటి మధ్య మత్స్య పారిశ్రామిక సహకార సంఘం చేతిలో ఉన్నది ఒక కాగితం. ఫలానా చెరువులో ఫలానా కాలం చేపలు పెంచుకుని పట్టుకునే హక్కు అది.

ఆ హక్కు విలువైనదే. సంఘానికి చెందనివాడు వల వేస్తే అడిగే అధికారం దానివల్ల వస్తుంది. కాపలా వంతులు, పట్టే రోజు, సభ్యుల వాటాలు సంఘమే నిర్ణయించుకుంటుంది. కొన్ని చెరువుల్లో ఈ కట్టుబాటు తరాలుగా నడుస్తోంది. కానీ చేప బతికేది నీటిలో. ఆ నీరు ఎప్పుడు వదలాలి, ఎంత మిగల్చాలి అన్నది సంఘం చేతిలో లేదు.

మృగశిర కార్తె నాటి లెక్క

చెరువు చేపల సంవత్సరం ఇలా నడుస్తుంది. వానలు పడి చెరువులోకి నీరు చేరాక ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ పిల్లలను వదులుతారు. కొర్రమీను, జెల్ల, పరికలు తమంతట తామే పెరుగుతాయి. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా. వదిలిన పిల్ల అమ్ముడుపోయే బరువుకు రావడానికి ఎనిమిది, పది నెలలు కావాలి. అంటే నీరు కనీసం ఎండాకాలం చివరి దాకా నిలవాలి. ధర బాగా పలికేది జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర కార్తె రోజున. ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ.

అటు ఆయకట్టు రైతుకు యాసంగి వరికి నీరు కావాలి. చివరి తడి ఏప్రిల్‌లో పడుతుంది. తూము చివరి వరకు ఎత్తితే వరి గింజ గట్టిపడుతుంది, చెరువు అడుగంటుతుంది. మృగశిరకు ఇంకా నెలన్నర ఉండగానే సంఘం పట్టిందంతా పట్టుకుని అమ్ముకోవాలి. అన్ని చెరువులూ ఒకేసారి అడుగంటుతాయి కాబట్టి అంతా ఒకేసారి సంతకు వస్తుంది, ధర దిగుతుంది. ముందే అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి ఉంటే ధర చెప్పేది ఆయనే. రైతుది తప్పు, మత్స్యకారుడిది ఒప్పు అని ఇక్కడ తీర్పు చెప్పలేం. ఇద్దరి అవసరమూ న్యాయమైనదే. అసలు చిక్కు ఏమిటంటే, ఇద్దరూ కూర్చుని ఎంత నీరు మిగలాలో తేల్చుకునే చట్టబద్ధమైన స్థలం ఒక్కటీ లేదు.

ఉందనుకున్న స్థలం ఒకటి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో రైతుల భాగస్వామ్యంతో సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం చేసింది. ఆ ఏడాదే పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. దేశంలో ఇంత విస్తారంగా నీటి పాలనను ఎన్నికైన సంఘాలకు అప్పగించిన ప్రయత్నం అంతకు ముందు లేదు. కానీ ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారిది. చెరువు నీటిని వాడుకునే చాకలి, కుమ్మరి, గొల్ల, బెస్త నిర్ణయంలో లేరు. తరువాతి ఏళ్లలో ఈ సంఘాల ఎన్నికలు సక్రమంగా సాగలేదు కూడా. కనుక సామాజిక పాలన విఫలమైంది అని ఈ అనుభవం నుంచి తేల్చడం తొందరపాటు. సమాజంలో సగాన్ని వదిలేసిన పాలన ఎంతకాలం నిలుస్తుందో మాత్రమే అది చూపింది.

పెరిగిన దిగుబడి ఎవరి ఘనత?

2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో గుర్తించిన 46,531 చెరువులను దశలవారీగా పూడిక తీసి బాగుచేయాలన్నది లక్ష్యం. 2016-17 నుంచి మత్స్య శాఖ ఉచితంగా చేప పిల్లలను పంచింది. చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు అన్నది నియమం. తరువాత సమగ్ర మత్స్య అభివృద్ధి పథకం కింద సభ్యులకు రాయితీపై మోపెడ్‌లు, వలలు, ఇతర సామగ్రి అందాయి. రాష్ట్ర లెక్కల్లో చేపల దిగుబడి పెరిగింది. ఈ వరస చూసి పథకాల వల్లే పెరిగిందని చెప్పడం తేలిక.

పరిశోధకుడు ఇక్కడ ఆగాలి. ఒకే కాలంలో చాలా మారాయి. పూడిక తీయడంతో చెరువు లోతయింది. దేవాదుల, శ్రీరాంసాగర్ కాలువల నీరు చాలా చెరువులకు చేరింది. పిల్లలు పెద్ద సంఖ్యలో వదిలారు. సంఘాల సభ్యత్వం పెరిగింది. వానలు ఒక్కో ఏడు ఒక్కో తీరుగా పడ్డాయి. వీటిలో దేని వాటా ఎంతో విడదీయాలంటే ఇవన్నీ అందిన చెరువులను, కొన్నే అందిన చెరువులను, ఏమీ అందని చెరువులను పక్కపక్కన పెట్టి కొన్నేళ్లు కొలవాలి. రాష్ట్రం మొత్తానికి తీసిన ఒక్క అంకె ఆ పని చేయలేదు.

ఇంకా మౌలికమైన ఇబ్బంది కొలతలోనే ఉంది. తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దశాబ్దాలుగా రేవుల నుంచి నమూనాలు తీసుకుని పట్టిన చేపను అంచనా వేస్తోంది. పడవలు ఒక ఒడ్డుకు వస్తాయి, లెక్క రాసేవాడు అక్కడ ఉంటాడు. చెరువుకు అలాంటి రేవు లేదు. పట్టేది కొద్ది రోజులే. కట్ట మీదే తూకం, కట్ట మీదే అమ్మకం. వదిలిన పిల్లల సంఖ్యను బతుకుబడి శాతంతో, సగటు బరువుతో గుణించి దిగుబడి చెబితే, పథకం విజయం ఆ గుణకారంలో ముందే చేరిపోతుంది. ఎక్కువ పిల్లలు వదిలితే కాగితం మీద ఎక్కువ చేపలు పుడతాయి. ఇలాంటి అంకెను కట్ట మీద తూచిన బరువుతో సరిచూడకుండా విధానానికి ఆధారం చేసుకోకూడదు.

వరద మరో అనిశ్చితి. 2023 జులైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. రామప్పకు అది దూరం కాదు. అలాంటి రాత్రి మత్తడి దూకిన చెరువుల్లో ఎన్ని పిల్లలు మిగిలాయో ఏ అంచనా సూత్రానికీ అందదు.

పూడికతీత విషయంలో ఒక పాత అనుభవం గుర్తు చేసుకోదగ్గది. మిషన్ కాకతీయకు దశాబ్దం ముందే, 2004-06 మధ్య, వరంగల్ కేంద్రంగా పనిచేసే మారి సంస్థ ప్రపంచ వన్యప్రాణి నిధితో కలిసి మానేరు ఉప పరీవాహకంలో 12 చెరువులను బాగుచేయించింది. తీసిన ఒండ్రును పొలాలకు తోలుకునే ఖర్చులో పెద్ద భాగం రైతులే పెట్టుకున్నారు. చిన్న ప్రయోగమది. తమ పొలానికి లాభం కనపడితే జనం చేయి కలుపుతారని చెప్పడానికి సరిపోతుంది. పొలం లేనివారు ఎందుకు కలుస్తారన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

తీరం ఏం చెబుతోంది

కోస్తాలో కట్టుబాటు ఇంకా బతికే ఉంది. నెల్లూరు తీరంలోని పట్టపు కులపు మత్స్యకార గ్రామాల్లో కుల పెద్దల మాటకు ఇప్పటికీ విలువ ఉంది. వారు దురాయి, అంటే కట్టడి, వేస్తే ధిక్కరించడం అరుదు. పులికాట్ సరస్సులో పట్టణవర్ మత్స్యకారులు రొయ్యలు పట్టే చోట్లను చీట్లు వేసి, వంతులవారీగా పంచుకునే పాడు పద్ధతి విద్వాంసులను చాలాకాలంగా ఆకర్షించింది. మంచి చోటు ఒకరి సొత్తు కాకుండా చూస్తుంది కాబట్టి దాన్ని మెచ్చుకున్నారు. 2008లో సారా కౌల్‌థర్డ్ ప్రచురించిన అధ్యయనం దాని రెండో ముఖాన్ని చూపించింది. పాడు హక్కు కులాన్ని బట్టి వస్తుంది. ఆ కులం కానివారు అదే సరస్సులో బతుకుతూ బయటే ఉంటారు. కట్టుబాటు గట్టిగా ఉండటం, అది న్యాయంగా ఉండటం వేర్వేరు.

రాజ్యం కట్టుబాట్ల మీద ఒక చట్రం వేసింది. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలకు వదిలేయాలన్నది దాని కింద ఉన్న హద్దు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. అయినా 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద పెదజాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య గొడవ పడవలకు నిప్పు పెట్టేదాకా వెళ్లింది. రెండు వైపులా మత్స్యకారులే. హద్దు చట్టంలో ఉంది. సముద్రంలో గీత కనపడదు, కాపలా పడవ అరుదు. రాసిన నియమం పాటింపుగా మారాలంటే కాపలా కాసేవారు నియమం వల్ల లాభపడేవారై ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువగా వరంగల్ సంఘాలు చదవాల్సింది కొల్లేరును. 1970ల చివరి భాగంలో ప్రభుత్వం కొల్లేటి మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. పెట్టుబడి, మేత, మందు, మార్కెట్ మాత్రం బయటివారి చేతిలో ఉన్నాయి. సంఘం పేరు కాగితం మీద మిగిలింది, చెరువు లీజుదారుల చేతిలోకి పోయింది. తరువాత అక్రమ చెరువులు సరస్సును కమ్మేశాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పగలగొట్టారు. ఆ గట్లతో పాటు పేద సంఘాల బతుకు కూడా తెగింది. పాతికేళ్లకు పైగా సాగిన ఈ కథలో సహకార చట్టం ఎక్కడా అడ్డుపడలేదు. నిజమైన పెట్టుబడిదారు ఎవరో చూడకుండా సభ్యుల జాబితా మాత్రమే చూసే వ్యవస్థ ఇలాగే ముగుస్తుంది. ఓరుగల్లు చెరువుల్లో అడ్వాన్సు ఇచ్చి ధర చెప్పే వ్యాపారి ఇంకా లీజుదారు కాలేదు. ఆ దూరం ఎంతో ప్రతి సంఘమూ తనకు తానే చెప్పుకోవాలి.

హద్దులో ఎవరున్నారు

ఉమ్మడి వనరుల మీద ఎలినార్ ఆస్ట్రోమ్ 1990లో రాసిన పుస్తకం ఎనిమిది నియమాలను ముందుకు తెచ్చింది. 2009లో ఆమెకు నోబెల్ వచ్చాక ఆ ఎనిమిదినీ మంత్రంలా వల్లించడం మొదలైంది. వాటిలో రెండే ఇక్కడ ముఖ్యం. హక్కుదారులెవరో స్పష్టంగా ఉండాలి. నియమాలకు లోబడేవారికి నియమాలు మార్చడంలో పాలు ఉండాలి. మొదటిది ఇక్కడ నలుగుతోంది, రెండోది లేదు.

హక్కుదారులెవరన్న తగాదా కొత్తది కాదు. గంగపుత్రులు, బెస్తలు చేపల వేట తమ కులవృత్తి అంటారు. సంఖ్యలో చాలా ఎక్కువగా ఉన్న ముదిరాజులు తమకూ సమాన హక్కు ఉందంటారు. సభ్యత్వానికి వల వేయడం, ఈత వంటి నైపుణ్యాల పరీక్ష పెట్టడం ఒక మధ్యేమార్గం. కులం కన్నా పని కొలబద్దగా మారడం మంచిదే. కానీ సభ్యులు పెరిగి చెరువు పెరగకపోతే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. వాటా తగ్గినచోట కాపలా వంతుకు ఎవరూ రారు. సభ్యత్వం విస్తరించడం వల్ల సంఘాలు బలపడ్డాయా, పల్చబడ్డాయా అన్నది ఊరూరా సభ్యుల రిజిస్టరు, కాపలా హాజరు, వాటా లెక్క పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది. చేపను అమ్మే ఆడవాళ్లు చాలా సంఘాల నిర్ణయాల్లో కనిపించరన్నది మరో లోటు. ములుగు ఏజెన్సీలో 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ) చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకే అప్పగించమంటోంది. అక్కడ మత్స్య సంఘం లీజు, గ్రామసభ అధికారం ఎదురుపడినప్పుడు ఏది పైచేయి అన్నది విడిగా పరిశీలించాలి.

రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లాలో ముప్పైకి పైగా గ్రామాలు చూసి 1988లో చెప్పిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. కాలువ చివర నీటికి కటకట ఉన్న ఊళ్లే కలిసికట్టుగా నిధి పెట్టుకుని, నీటి కాపలాదారులను నియమించుకున్నాయి. ఎగువ ఊళ్లు ఆ శ్రమ పడలేదు. ఉమ్మడి పాలన ఎవరో నూరిపోస్తే రాదు, కరువు భయం నుంచి వస్తుంది. చెరువులో ఆ భయం అందరికన్నా ఎక్కువ ఉన్నది మత్స్యకారుడికి. మే నెల నీటి మట్టం అతని ఏడాది బతుకు. అతనికే కుర్చీ లేదు. 2024 నవంబరులో పూడిక తీయడానికి వరంగల్ భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. పని అవసరమే కావచ్చు. నీరు వదిలే తేదీ నిర్ణయించేది ఎవరో మాత్రం అందరికీ కనపడింది.

ఇంతకూ తేలిందేమిటి? వరంగల్ మత్స్య సంఘాలకు హద్దు కాపాడుకునే శక్తి, వాటాలు పంచుకునే అనుభవం ఉన్నాయి. వాటిని సామాజిక పాలనకు పునాదిగా తీసుకోవచ్చు, పూర్తి నమూనాగా తీసుకోలేం. ఉచిత పిల్లల పంపిణీ ఆ పునాదిని బలపరిచిందని చెప్పేంత ఆధారం లేదు. ప్రభుత్వం తెచ్చిచ్చే పిల్లల కోసం ఎదురుచూసే అలవాటు, సొంతంగా విత్తనం కొనుక్కునే అలవాటును తగ్గించి ఉండొచ్చన్నది నా అనుమానం. రుజువు కాదు. తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మరపడవలు ఆగే రోజులూ ఇక్కడ చెరువు చేప సంతకు వచ్చే రోజులూ ఒకటే. ఆ రెండు నెలల్లో కొంత నీరు నిలపగలిగితే సంఘానికి ధర దక్కుతుందన్నది కూడా పరీక్షించదగ్గ ఊహే.

పరీక్షించడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. మత్స్య శాఖ ఇచ్చే లీజు పత్రంలో ఎండాకాలం తూము కింద మిగల్చాల్సిన కనీస నీటి మట్టాన్ని ఒక వాక్యంగా రాయాలి. దాని మీద ఆయకట్టు రైతులు, మత్స్య సంఘం, నీటిపారుదల ఇంజినీరు ముగ్గురూ సంతకం చేయాలి. పట్టిన రోజు కట్ట మీద తూచిన బరువు, అమ్మిన ధర, కొన్నవాడి పేరు సంఘం పుస్తకంలో ఎక్కాలి. ఆ పుస్తకం గ్రామసభలో చదవాలి. ముందుగా పాకాల ఆయకట్టు కింద, రామప్ప కింద కొన్ని చెరువుల్లో మూడేళ్లు ఇది చేసి, చేయని పక్క చెరువులతో పోల్చి చూడండి.